అరబ్బులు ఇస్తే వద్దనొద్దు, ఇరానీలు ఇస్తే వెంటనే పుచ్చుకోవద్దు

గల్ఫ్‌కి పనిమీద వెళ్లేవాళ్లకి గానీ, అమెరికాలోనో కెనడాలోనో పక్క సీట్లో ఇరానీ కొలీగ్ ఉన్నవాళ్లకి గానీ ఎవరో ఒకరు ఒక లిస్టు పంపిస్తుంటారు, కుడిచేత్తో తినాలి, అరికాలు ఎదుటివాళ్ల వైపు పెట్టకూడదు, ఆడవాళ్లు ముందు చెయ్యి చాపితే తప్ప షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు, మందు బాటిల్ గిఫ్టుగా పట్టుకెళ్లకూడదు, ఇలాంటివి ఓ పది. అందులో తప్పేం లేదు, అన్నీ నిజమే. కానీ పైన "మిడిల్ ఈస్ట్ మర్యాదలు" అని ఒక హెడ్డింగ్ పెట్టి అరబ్బుల్నీ ఇరానీల్నీ ఒకే గాటన కట్టేస్తారు చూడండి, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అరబ్బుల అరబిక్, ఇరానీల ఫార్సీ, ఈ రెండు భాషలదీ దాదాపు ఒకటే లిపి కాబట్టి బయటివాళ్ల కంటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ అరబిక్‌కి చుట్టం హీబ్రూ, ఫార్సీకి చుట్టం మన సంస్కృతం, హిందీ. ఇరానీని పట్టుకుని "మీ అరబ్బుల్లో ఇలాగే ఉంటుందటగా" అంటే నవ్వి ఊరుకుంటారు గానీ లోపల మాత్రం గుచ్చుకుంటుంది. అసలు ఇరాన్‌లో కూడా అందరూ పర్షియన్లేం కాదు, అజెరీలు, కుర్దులు, లోర్లు, బలూచీలు ఉన్నారు, ఇరాక్ పక్కనున్న ఖుజెస్తాన్ రాష్ట్రంలో అరబ్బులు కూడా ఉన్నారు, అందుకని తెలీనప్పుడు "ఇరానీ" అనడం సేఫ్, అమెరికాలో సెటిలైనవాళ్లు చాలామంది తమంతట తామే పర్షియన్ అని చెప్పుకుంటారు, అలాంటప్పుడు వాళ్లన్నదే మనమూ అనాలి. ఇంకో మంట పెట్టే విషయం సముద్రం పేరు. ఇరానీలకి అది పర్షియన్ గల్ఫ్, అవతలి ఒడ్డు అరబ్బులకి అది అరేబియన్ గల్ఫ్, ప్రజెంటేషన్‌లో ఒక మ్యాప్ పెట్టి ఆ నీళ్ల మీద ఏ పేరు రాసినా ఒకరికి కాలుతుంది, అందుకే పేరు లేని మ్యాప్ పెట్టుకోండి.

నా లెక్కలో ఈ రెండు మర్యాదలకీ అసలు తేడా ఎదుటివాళ్లు ఏదైనా ఇస్తామన్నప్పుడు మనం ఏం చెయ్యాలన్న దగ్గర ఉంది. గల్ఫ్ అరబ్ ఇస్తానంటే అది నిజంగా ఇవ్వడమే, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఇరానీ మొదటిసారి ఇస్తానంటే అది చాలాసార్లు మర్యాద కోసం అన్నమాట, టక్కున సరే అంటే మనమే అల్పంగా కనిపిస్తాం. ఒకరి దగ్గర నేర్చుకున్న పద్ధతి తీసుకెళ్లి రెండోవాళ్ల దగ్గర వాడితే మనం ఎంత మంచివాళ్లమైనా లెక్క తప్పుతుంది.

ముందు అరబ్బుల సంగతి. అరబ్ లీగ్‌లోనే 22 దేశాలున్నాయి, లెబనాన్ పద్ధతికీ ఒమన్ పద్ధతికీ మొరాకో పద్ధతికీ చాలా దూరం, ఇక్కడ నేను ఎక్కువగా మాట్లాడేది మనవాళ్లు వెళ్లే గల్ఫ్ దేశాల గురించి.

ఆఫీసులో గానీ ఇంట్లో మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో గానీ కూర్చోగానే గహ్వా, అంటే అరబ్ కాఫీ వస్తుంది. ఇది మన ఫిల్టర్ కాఫీ కాదు, పాలుండవు, చక్కెరుండదు, లేత రంగులో యాలకుల వాసనతో, కొన్నిచోట్ల కుంకుమపువ్వుతో ఉంటుంది, పక్కన ఖర్జూరాలు పెడతారు. పోసేవాళ్లు దల్లా అనే పొడుగుముక్కు కూజాని ఎడంచేత్తో పట్టుకుని, ఫింజాన్ అనే పిడిలేని చిన్న కప్పుని కుడిచేత్తో అందిస్తారు, మనం కూడా కుడిచేత్తోనే అందుకోవాలి. కప్పులో పావు వంతో మూడో వంతో మాత్రమే పోస్తారు. మన ఇళ్లలో సగం గ్లాసు ఇస్తే పిసినారితనం అనుకుంటాం కదా, అక్కడ నిండా పోస్తే "తాగేసి ఇక బయల్దేరు" అని అర్థం తీస్తారు, కొంచెం కొంచెంగా మళ్లీ మళ్లీ పోస్తున్నారంటే మిమ్మల్ని కూర్చోమంటున్నట్టు. కప్పు ఖాళీ చేసి ఊరికే చాపితే మళ్లీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే కప్పుని మణికట్టుతో అటూ ఇటూ రెండుసార్లు ఆడించి ఇచ్చెయ్యాలి. ఒకటి తాగితే మర్యాద దక్కింది, మూడు దాటితే కాస్త ఎక్కువ. అసలు వద్దనడం మాత్రం పనికిరాదు, కడుపు బాలేకపోయినా ఒక గుక్క తాగి ఆడించి ఇచ్చెయ్యండి.

ఇంత చిన్న కప్పుకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది గానీ దాని వెనక పెద్ద కథే ఉంది. 2015లో యునెస్కో ఈ గహ్వాని, మజ్లిస్‌నీ కూడా సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతర్ దేశాల పేరుమీద సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టింది. జోర్డాన్ వైపు బెదూయిన్ తెగల్లో పెళ్లి మాటలకో, రెండు కుటుంబాల మధ్య రాజీకో పెద్దమనుషులు వెళ్తే కప్పు తీసుకుని తాగకుండా ముందు పెట్టేస్తారు, వచ్చిన పని అవుతుందని ఇంటాయన మాటిచ్చి "మీ కాఫీ తాగండి" అన్నాకే తాగుతారు. అంటే తాగని కప్పు ఒక అభ్యర్థన అన్నమాట. ఈ సంగతి తెలీకుండా మనం ల్యాప్‌టాప్ తెరిచి స్లైడ్ల హడావిడిలో పడి కప్పుని టేబుల్ మీద చల్లారబెట్టేస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ గమనిస్తారు.

మీటింగ్ ఎప్పుడు అయిపోయిందో తెలుసుకోవడానికి కూడా ఇలాంటి గుర్తే ఒకటుంది. ఇళ్లల్లో చివర్లో ఊద్ ధూపం వేసిన చిన్న పాత్ర చేతికిస్తారు, గడ్డం కింద, బట్టల దగ్గర పొగ పట్టించుకుని పక్కవాళ్లకి అందించాలి. ఊద్ తర్వాత కూర్చోవడం లేదు అని అక్కడ సామెతే ఉంది. అది చేతికొచ్చాక "సార్, ఇంకో చిన్న పాయింట్" అని మొదలుపెట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఇక బిజినెస్. మొదటి మీటింగ్‌లో రేట్ల దాకా రాకపోతే మనవాళ్లకి కంగారు, టికెట్ డబ్బులు వేస్ట్ అయిపోయాయని. వాళ్లకేమో మీరెవరు, ఎవరి తాలూకు, రేపు కూడా కనిపిస్తారా అన్నది ముందు తేలాలి. ఆరోగ్యం, ప్రయాణం, పిల్లలు అంటూ కబుర్లు నడుస్తాయి, మధ్యలో ఫోన్లు వస్తాయి, ఇంకెవరో లోపలికొచ్చి కూర్చుంటారు, ఆయన ఫైల్ మీద సంతకం అయ్యాక మళ్లీ మన వైపు తిరుగుతారు. మజ్లిస్ తలుపు నలుగురికీ తెరిచి ఉంచే పద్ధతి ఆఫీసు గదిలోకి కూడా వచ్చేసింది, మనల్ని తక్కువ చేశారని అనుకోకూడదు. కుటుంబం ఎలా ఉందని అడగొచ్చు, పిల్లల చదువులు అడగొచ్చు, "మీ ఆవిడ ఎలా ఉన్నారు" అని మగవాడు మగవాణ్ణి అడిగే అలవాటు మాత్రం గల్ఫ్‌లో లేదు, బాగా దగ్గరివాళ్లైతే తప్ప. ఇంకోటి, గదిలో ఎక్కువ మాట్లాడేది ఇంగ్లీష్ బాగా వచ్చిన మేనేజర్, చాలాసార్లు ఆయన ఈజిప్షియనో లెబనీసో మన మలయాళీయో అవుతాడు, నిర్ణయం తీసుకునేది మాత్రం ఓ పక్కన తస్బీ (జపమాల) పూసలు తిప్పుతూ వినే పెద్దాయన, కాబట్టి మాట్లాడేవాడి మొహం చూసి మాట్లాడుతూ పెద్దాయన్ని పట్టించుకోకపోతే పని చెడుతుంది.

ఇన్షా అల్లా, అంటే దేవుడు తలిస్తే అన్న మాట మీద మనవాళ్లు వేసే జోకులకి లెక్కే లేదు, అది వచ్చిందంటే ఇక పని కాదన్నట్టే అని. అది సగమే నిజం. భక్తి ఉన్నవాళ్లు రేపు ఫ్లైట్ ఎక్కుతున్నా ఆ మాట అనే ఎక్కుతారు, రేపటి గురించి ఏం చెప్పినా దాన్ని కలపడం వాళ్ల అలవాటు. మీరు చూడాల్సింది ఆ మాటకి అటూ ఇటూ ఏముందో. "ఆదివారం పదింటికి మా ఇంజనీర్‌ని పంపిస్తా, ఇన్షా అల్లా" అంటే అది నిజమైన మాట. మీరు డేట్ అడిగితే డేట్ చెప్పకుండా ఒట్టి ఇన్షా అల్లా మాత్రమే వచ్చి, వెంటనే టాపిక్ మారిపోయి, ఇంకో ఖర్జూరం తీసుకోమన్నారంటే ఆ పని లేనట్టే. మొహం మీద కాదని చెప్పి మిమ్మల్ని నలుగురిలో తక్కువ చెయ్యడం ఇష్టం లేక అలా అంటారు, మీరు కూడా అదే మర్యాద పాటించి అందరిముందు "మరి పోయినసారి అలా అన్నారు కదా" అని పట్టుకోకండి, తర్వాత వాట్సాప్‌లోనో ఫోన్లోనో నెమ్మదిగా అడగండి.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది, గల్ఫ్‌లో ఈమెయిల్ కన్నా దానిమీదే పనులు ఎక్కువ నడుస్తాయి, కానీ యూఏఈలో వాట్సాప్‌లో ఎవరినైనా తిట్టినా, బూతు పెట్టినా 2021 సైబర్ నేరాల చట్టం కింద కేసు అవుతుంది, రోడ్డు మీద మధ్యవేలు చూపించినా, పర్మిషన్ లేకుండా వేరేవాళ్ల ఫోటో తీసినా కూడా కేసే. మనం హైదరాబాద్ ట్రాఫిక్‌లో మామూలుగా చేసేవి అక్కడ చేస్తే ఫైన్, జైలు, డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు, ఇది మర్యాదల లిస్టులో ఎవరూ రాయరు.

ఇంకో మాట కూడా ఎవరూ రాయరు. ఈ మర్యాదల పుస్తకాలన్నీ సూట్ వేసుకుని వెళ్లేవాళ్ల కోసం రాసినవి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి కన్‌స్ట్రక్షన్ పనికి వెళ్లినవాళ్లు, కడప, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు అరబ్బుల్ని కలిసేది అతిథిగా కాదు, వీసా ఆయన చేతిలో ఉన్న కఫీల్ దగ్గర పనివాళ్లుగా. వాళ్లకి గహ్వా పోసేవాళ్లుండరు, వాళ్లే పోస్తారు. అయినా దల్లా ఏ చేత్తో పట్టుకోవాలో, ఎవరికి ముందు పొయ్యాలో, కప్పు ఆడిస్తే ఆపాలన్నదీ మనలో అందరికన్నా బాగా తెలిసింది వాళ్లకే, అరబిక్ కూడా సూటువాళ్ల కన్నా వాళ్లకే బాగా వస్తుంది. వాళ్ల ఫోన్లు అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) రెన్యువల్ గురించి, ఖల్లివెల్లి అయిపోయిన, అంటే కఫీల్‌ని వదిలేసి కాగితాలు లేకుండా తిరుగుతున్న ఊరివాడి గురించి నడుస్తుంటాయి. ఆతిథ్యం గొప్పదని రాస్తున్నప్పుడు ఆ ఆతిథ్యం ఎవరికి దొరుకుతుందో కూడా రాయాలి కదా.

సరే, ఇరాన్ వైపు వద్దాం. ఇక్కడ మొత్తం కథ తారోఫ్. మనవాళ్లకి చెప్పడం తేలికే, ఎవరింటికైనా వెళ్తే "అబ్బే ఇప్పుడే తాగొచ్చామండీ" అంటాం, వాళ్లు "అదేంటండీ, కొంచెం" అంటారు, మళ్లీ వద్దంటాం, చివరికి గ్లాసు తీసుకుంటాం, ఆ మొహమాటాన్నే కొట్టుకీ, టాక్సీకీ, ఆఫీసుకీ, తలుపు దగ్గరికీ కూడా తీసుకెళ్తే వచ్చేది తారోఫ్. టెహ్రాన్‌లో కొట్లో ఏదైనా కొని ఎంత అని అడిగితే కొట్టాయన "ఘాబెలీ నదారే" అంటాడు, మీ ముందు దీని విలువెంత అన్నట్టు. మీరు థాంక్యూ చెప్పి సంచి తీసుకుని బయటికి నడిస్తే ఆయన పరుగెత్తుకొస్తాడు, లేదా మర్యాదకి ఏమీ అనలేక నిలబడిపోతాడు. మీరు "లేదు లేదు, చెప్పండి" అనాలి, ఆయన ఇంకోసారి వద్దంటాడు, మీరు ఇంకోసారి అడగాలి, అప్పుడు రేటు చెప్తాడు. ఆ చెప్పే రేటు కూడా తూమాన్లలో చెప్తాడు, నోటు మీద ఉండేది రియాల్, ఒక తూమాన్ అంటే పది రియాల్స్, ఆ సున్నా మర్చిపోతే ఇంకో తంటా.

ఇద్దరు ఇరానీలు ఒక తలుపు దగ్గర కలిస్తే కాసేపు నిలబడి చూడండి. ఒకాయన చెయ్యి చాపి "బెఫర్మాయీద్", అంటే దయచేయండి అంటాడు. రెండో ఆయన "లేదు, మీరు దయచేయండి". మొదటాయన సగం అడుగు వెనక్కి వేస్తాడు. వెనక వచ్చే మూడో మనిషి కూడా ఆగిపోతాడు. చివరికి వయసులో పెద్దాయనో, ఇంటికొచ్చిన అతిథో ముందు వెళ్తాడు, వెళ్తూ మిగతావాళ్లకి వీపు కనపడుతుందని సారీ చెప్తాడు, దానికి సమాధానంగా పువ్వుకి ముందూ వెనకా ఉండదు అంటారు. కారులో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు కూడా వెనక సీటువాళ్లకి ఇదే సారీ చెప్తారు, ఇదే జవాబు వస్తుంది. రోజుకి ఎన్నిసార్లు జరిగినా ఎవరూ విసుక్కోరు. మీరు మనస్ఫూర్తిగా ఒకసారి ముందు వాళ్లని వెళ్లమని, రెండోసారి వాళ్లు బలవంతపెడితే వెళ్లిపోండి, బయటివాళ్లు ఫుల్ రౌండ్ ఆడాలని ఎవరూ అనుకోరు.

మరి నిజంగా పిలిచారో, మర్యాదకి అన్నారో ఎలా కనిపెట్టాలి? "ఓసారి ఇంటికి రండి" అని గుమ్మంలో నిలబడి అంటే అది తారోఫ్, థాంక్యూ చెప్పి బయల్దేరాలి. "శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి రండి, లొకేషన్ పెడతా, మీ ఆవిడ మాంసం తింటారా" అంటే అది నిజం పిలుపు. రెండుసార్లు వద్దన్నా మూడోసారి కూడా అడిగితే నిజం అని లెక్క, అయినా మూడోసారి అడిగేటప్పుడు గొంతులో వేడి చూడండి, అంకె ఒక్కటే చూడకండి. వాళ్లల్లో వాళ్లకి కూడా ఈ తికమక ఉంటుంది, అందుకే బాగా దగ్గరైనవాళ్లు "తారోఫ్ చెయ్యట్లేదు, నిజంగానే అంటున్నా" అని విడిగా చెప్పుకుంటారు. మీరు కూడా ఆ మాట వాడొచ్చు, చాలా పనికొస్తుంది.

మనవాళ్లు బిజినెస్‌లో బోల్తా పడేది ఇక్కడే. ఇరానీ పార్టనర్ "మీరెంతంటే అంత, మన మధ్య డబ్బు మాటలేంటి" అన్నాడంటే ఆయన బేరం మానేశాడని కాదు, బేరం మొదలైందని. మీరు కూడా అంతే మర్యాదగా "మీ మాటే మాకు శాసనం" అని, తర్వాత రేటు, డెలివరీ, పేమెంట్ ఎలాగో కాగితం మీద పెట్టండి, అందులో వాళ్లకేం తప్పు కనిపించదు, ఇరాన్ వర్తకులు కాగితం, లెక్క, బేరం విషయంలో ఆరితేరినవాళ్లు. గల్ఫ్‌లో ఇదే మాట ఒక పెద్దాయన అన్నాడంటే, అది చాలాసార్లు పరీక్ష, మీరు ఆయన పెట్టిన నమ్మకానికి తగ్గ రేటు చెప్తారా లేదా అని, ఎక్కువ చెప్తే వాదించడు, రెండోసారి పిలవడు.

వస్తువులు మెచ్చుకునేటప్పుడు కూడా జాగ్రత్త. గల్ఫ్‌లో "మీ వాచీ భలే ఉంది" అని రెండుసార్లు అంటే తీసి చేతిలో పెట్టేవాళ్లున్నారు, వద్దనడం ఇబ్బంది, తీసుకోవడం ఇంకా ఇబ్బంది, అందుకే మాషా అల్లా అని ఒక్కసారి అని వదిలెయ్యాలి. ఇరానీ కూడా "మీదే అనుకోండి" అంటాడు, కానీ అది ఒట్టి మాట, నవ్వి, మీ చేతికే అందం అనాలి.

పేర్ల దగ్గర కూడా రెండు దారులు. గల్ఫ్‌లో మొదటి పేరుకి మిస్టరో, షేక్ అయితే షేకో తగిలించి పిలుస్తారు, మిస్టర్ ఖాలిద్, షేక్ సయీద్ అలాగ, దగ్గరైతే పెద్ద కొడుకు పేరుతో అబూ ఫలానా, అంటే ఫలానావాడి నాన్న అంటారు, కుటుంబం పేరుతో పిలిస్తే ఎటో చూస్తారు. ఇరాన్‌లో తిరగేసి, ఇంటిపేరే వాడాలి, మగవాళ్లకి ఆగా, ఆడవాళ్లకి ఖానుమ్, చదువుకున్నవాడైతే ఇంజనీర్ గారు, డాక్టర్ గారు అన్నట్టుగా మొహందెస్, దొక్తోర్ కలిపి పిలుస్తారు. మన మీరు, నువ్వు లాగే ఫార్సీలో షొమా, తొ ఉన్నాయి, వాళ్లు తొ లోకి దిగేదాకా మనం షొమా దాటకూడదు.

షేక్‌హ్యాండ్ విషయంలో రెండుచోట్లా ఒకటే సూత్రం పనికొస్తుంది, ఆడవాళ్లు చెయ్యి చాపితే ఇవ్వండి, లేకపోతే కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచితే చాలు, ఇరాన్‌లో నలుగురి ముందు మగా ఆడా చేతులు కలపరు, ఇంట్లో సంగతి వేరు. మగవాళ్లలో మాత్రం గల్ఫ్‌లో ముక్కుకి ముక్కు తాకించి పలకరించడం, చెయ్యి పట్టుకుని నడవడం మామూలే, వాళ్లు మీ చెయ్యి పట్టుకుంటే లాక్కోకండి. బొటనవేలు పైకెత్తి సూపర్ అనడం ఇరాన్‌లో పాతతరానికి బూతు, కుర్రాళ్లు ఫోన్ల పుణ్యాన పట్టించుకోరు, పెద్దాయన ముందు మాత్రం మానెయ్యండి. బట్టల్లో ఇరాన్‌కి మగవాళ్లు టై లేకుండా వెళ్లినా పర్లేదు, 1979 విప్లవం తర్వాత సర్కారీ మనుషులు టై కట్టడం మానేశారు. ఆడవాళ్లకి చట్టం ప్రకారం తల మీద వస్త్రం తప్పదు, 2022 హిజాబ్ నిరసనల తర్వాత టెహ్రాన్ వీధుల్లో చాలామంది లేకుండా తిరుగుతున్నారు, అయినా పనిమీద వెళ్లేవాళ్లు బ్యాగులో ఒకటి పెట్టుకోవాల్సిందే. గల్ఫ్‌కి వెళ్తే మనం కందూరా, అంటే అక్కడి మగవాళ్లు వేసుకునే పొడుగు తెల్ల అంగీ కుట్టించుకుని మీటింగ్‌కి పోనక్కర్లేదు, ఫోటోకి బాగుంటుందేమో గానీ ఎదురుగా ఉన్నాయనకి వేషంలా కనిపిస్తుంది.

భోజనం దగ్గర మన హైదరాబాదీలు ముందే పాసైపోయారు, బార్కస్‌లో యెమెన్ హద్రామీ వంశాలవాళ్ల పుణ్యమా అని మండీ పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం అలవాటే, మన ముందున్న వైపు నుంచే తినాలి, మధ్యలో ఉన్న మాంసం ఇంటాయన తుంచి మీ వైపు పెడతారు, మనమే చెయ్యి చాపకూడదు. ఇరానీ ఇంట్లో బూట్లు గుమ్మం దగ్గర విప్పాలి, ఉత్త చేతులతో వెళ్లకుండా పువ్వులో స్వీట్సో తీసుకెళ్లాలి, టీకి చక్కెర కలుపుకోరు, గడ్డ చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని దానిమీదుగా తాగుతారు. గిన్నె అడుగున మాడిన కరకరలాడే అన్నం, తహ్‌దీగ్, అతిథికే ముందు పెడతారు, దాన్ని మాడిందని పక్కన పెట్టేస్తే ఆ ఇంటావిడ మనసు విరుగుతుంది.

అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇరానీ ఫ్రెండ్స్‌తో రెస్టారెంట్‌కి వెళ్తే బిల్లు దగ్గర యుద్ధం జరుగుతుంది, నిజంగానే చేతులు పట్టుకుని లాక్కుంటారు. మీరు కార్డు తియ్యకుండా కూర్చుంటే తప్పు, స్ప్లిట్ చేద్దాం అని ఫోన్లో లెక్క తీస్తే ఇంకా తప్పు, పోటీపడి ఓడిపోవాలి, ఓడిపోయినవాళ్లు తర్వాతసారి వెయిటర్‌కి ముందే కార్డు ఇచ్చేసి గెలవాలి. అరబ్ ఫ్రెండ్ తనే పిలిచి తీసుకెళ్తే మాత్రం బిల్లు ఆయనదే, ఒకసారి అడిగి వదిలెయ్యండి, రహస్యంగా కట్టేస్తే ఆతిథ్యం లాక్కున్నట్టు ఫీలవుతారు.

ఇక మీటింగ్ రోజులు. సౌదీ 2013లో వీకెండ్‌ని గురు-శుక్రవారాల నుంచి శుక్ర-శనివారాలకి మార్చింది, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్‌లలో కూడా శుక్ర-శనే. యూఏఈ 2022 జనవరి నుంచి శని-ఆదివారాలకి మారి శుక్రవారం సర్కారు ఆఫీసులు సగం పూట పెట్టింది, షార్జా మాత్రం శుక్రవారం కూడా కలిపి మూడు రోజులు తీసుకుంది. ఇరాన్‌కి శుక్రవారం సెలవు, గురువారం కూడా పనులు సగమే నడుస్తాయి. నౌరోజ్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం వచ్చే మార్చి 20, 21 నుంచి పదమూడో రోజు దాకా ఇరాన్‌లో ఎవరూ ఫోన్ ఎత్తరనుకోండి, రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంటుంది, ఆ నెలలో గల్ఫ్ ఆఫీసు టైములు తగ్గిపోతాయి, పగలు వాళ్ల ముందు మంచినీళ్లు కూడా తాగకూడదు, అసలు మాటలు ఇఫ్తార్ అయ్యాక రాత్రి పూట నడుస్తాయి, ఆ టైముకి రమ్మంటే తప్పకుండా వెళ్లండి. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో రియాద్, దుబాయ్, టెహ్రాన్ ముగ్గుర్నీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టాలంటే మీకు మిగిలేది సోమ, మంగళ, బుధవారాలే, ఆ మూడింటిలో కూడా మధ్యాహ్నం నమాజు టైము తప్పించి పెట్టుకోండి.